ఎడారి ఊళ్లో కర్చీఫ్ వేసిన సీటు

జూన్‌లో ఎవరైనా వెళ్తారా

మేము దుబాయి వెళ్తున్నామని చెప్పగానే మా బ్లాకులో తెలుగువాళ్లందరూ రెండే ప్రశ్నలు అడిగారు. ఒకటి, జూన్‌లోనా? రెండు, బంగారానికా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. సింగపూరులో, టాంపినీస్ పేటలో మా ఫ్లాటు ఉన్న బ్లాకులో లిఫ్టు ఎక్కితే ఒక తెలుగావిడ, దిగితే ఇంకొక ఆవిడ. సాఫ్ట్‌వేర్ జోరు మీదున్న రోజులు. నెలకొక కొత్త జంట హైదరాబాదు నుంచో చెన్నై నుంచో పెద్ద సూట్‌కేసులతో వచ్చి దిగేది. సెలవులొస్తే కొందరు ఆస్ట్రేలియా, కొందరు స్విట్జర్లాండు. ఎడారికి పోతామన్నది మేమొక్కళ్లమే, అదీ ఎండలు మాడ్చే నెలలో.

జూన్ ఎందుకంటే పిల్లకు బడి సెలవులు అప్పుడే. ఆ ఎండకు భయపడి ఎవరూ రారు గనక హోటలు గదులూ సగం ధరకే దొరుకుతాయి. మావారు మురళి ప్రోగ్రామరు, నేను టెస్టరును. ఇంట్లోనూ తప్పులు పట్టడమే నా పని అని ఆయన ఫిర్యాదు. చవక టికెట్టు వెతకడంలో మాత్రం ఆయనకు తప్పు పట్టలేను. కొలంబోలో ఆరు గంటలు కూర్చోబెట్టి మరీ తీసుకెళ్లే టికెట్టు ఒకటి పట్టుకొచ్చారు. మా అమ్మాయి శ్రావ్యకు తొమ్మిదేళ్లు, పుట్టి పెరిగింది సింగపూరులోనే. "సిక్స్ అవర్స్ ఆ? సో లాంగ్ లా" అని మూతి ముడిచింది.

నేను దుబాయే ఎందుకు పట్టుబట్టానో బ్లాకులో ఎవరికీ చెప్పలేదు. అక్కడ ఖైరూన్ ఉంది.

మాది కడప జిల్లాలో రాయచోటికి పది మైళ్ల దూరంలో ఒక పల్లె. హైస్కూలుకు బస్సులో పోవాలి. ఉదయం పూట ఒకటే బస్సు, అందులో కాలు పెట్టే సందు ఉండదు. నేను రోజూ ఆలస్యమే. ఖైరూన్ నాకంటే జానెడు పొడవు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి చెయ్యి పెట్టి సీటు మీద కర్చీఫ్ వేసేది. లోపలికెక్కి ఒక సీట్లో తను కూర్చుని, పక్కదానికి కాపలా కాసేది. ఎవరు వచ్చి అడిగినా, పెద్దవాళ్లయినా సరే, ఒకటే మాట. "మనిషొచ్చాది." మనిషి వస్తుంది అని మా సీమ మాట. ఆ మనిషిని నేను. ఐదేళ్లు అలా నన్ను కూర్చోబెట్టి బడికి తీసుకుపోయింది. పదో తరగతి కాగానే వాళ్లింట్లో చదువు మాన్పించారు. ఇంటర్లో చేరిన మొదటిరోజు నేను రాయచోటి దాకా నిలబడి పోయాను.

తర్వాత తనకు పెళ్లయింది. నేను వెళ్లలేదు, ఆ రోజు తిరుపతిలో ఎం.సి.ఏ. ఎంట్రన్సు ఉంది. ఆ తర్వాత నేను సింగపూరు, తను దుబాయి. జుమేరాలో ఒక పెద్దింట్లో వంటపని. తను ఊరికి వచ్చినప్పుడు నేను లేను, నేను వెళ్లినప్పుడు తను లేదు. అలా పదిహేనేళ్లు గడిచాయి. పెళ్లికి పోకపోవడం నాలో ఒక మూల ముల్లులా ఉండిపోయింది. ఖైరూన్‌ను ఒక్కసారి చూడాలి, ఆ మాట నోటితో చెప్పుకోవాలి. నాకు దుబాయి అంటే అంతే.

మా అమ్మ దగ్గర నా నెంబరు తీసుకుని ఒకసారి తనే ఫోన్ చేసింది. తనకు సెలవంటే శుక్రవారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకే. ఇంటి ఫోన్ నెంబరు ఇచ్చి, శుక్రవారం ఉదయం పదింటికి మాత్రమే చెయ్యమంది, అప్పుడు మేడం నిద్ర లేవదట. ఎక్కడ కలవాలో ఆ పూట అనుకుందామని ఒప్పందం. నెంబరు నా చిన్న ఫోన్ల పుస్తకంలో రాసుకున్నాను. మంగళవారం దిగి శనివారం తెల్లవారుజామున తిరుగు విమానం ఎక్కేలా టికెట్లు తీసుకున్నాం. మధ్యలో ఒకే ఒక్క శుక్రవారం.

దేరా

విమానాశ్రయం తలుపు తెరుచుకోగానే ఎదురొచ్చిన గాలికి శ్రావ్య వెనక్కి తిరిగి లోపలికి నడిచింది. మా సీమ ఎండ తెలిసినదాన్ని, నాకు ఎండ లెక్కా అనుకున్నాను. లెక్కే. మా ఊరి ఎండ నెత్తిన కొడుతుంది, ఇక్కడిది అన్ని వైపుల నుంచీ కమ్ముకుంటుంది. సముద్రం పక్కనే ఉంది గనక చెమట కూడా ఆరదు. కళ్లజోడు మీద ఆవిరి పట్టి మురళి కాసేపు గుడ్డివాడిలా నా భుజం పట్టుకుని నడిచారు.

మా హోటలు దేరాలో. ఊళ్లో పాత బజారు ఉన్న వైపు అది. గది చిన్నది, ఏసీ మాత్రం పెద్దది. కిటికీ తీస్తే ఎదురు మేడ గోడ. కింద సందులో మలయాళీ హోటళ్లు, పెషావరు వాళ్ల రొట్టెల పొయ్యిలు, ఇరానీ దుకాణాల్లో బస్తాల కొద్దీ ఎండు నిమ్మకాయలు, గులాబీ మొగ్గలు, కుంకుమపువ్వు. పొయ్యిలోంచి తీసిన రొట్టె చాటంత ఉంది, ధర ఒక దిర్హం. ముగ్గురం దాన్ని చింపుకుని పప్పుతో తింటే కడుపు నిండింది. సింగపూరు డాలరుకు రెండు దిర్హాల పైన వస్తాయి. మా హాకర్ సెంటర్లో, అదే, చవక తిండి దుకాణాల సముదాయంలో, ముగ్గురం తినే డబ్బుతో ఇక్కడ రెండు పూటలు తినొచ్చని మురళి లెక్క కట్టి సంతోషించారు. టీ అర దిర్హం. చిన్న గ్లాసులో చిక్కగా, ఏలకుల వాసనతో. మా సింగపూరులో నురగ తేలేలా తిరగబోసి ఇచ్చే తే-తారిక్ టీ నాకు ఇష్టమే గానీ, ఆ మొదటి గుటకకు నేను ఊరెళ్లినట్టే అయింది.

ఈ ఊళ్లో నన్ను మొదటిరోజే లొంగదీసుకున్నవి నీళ్లు. మసీదుల పక్కన, ఇళ్ల గోడలకు బయట, వీధిలో పోయేవాళ్ల కోసం చల్లటి నీళ్ల కుళాయి పెట్టి ఉంచారు. గొలుసు కట్టిన స్టీలు గ్లాసు. ఎవరైనా తాగొచ్చు. మన చలివేంద్రమే, కాకపోతే కరెంటుతో నడిచేది. ఎండన పడి ఇటుకలు మోసే మనిషీ, కారు దిగిన తెల్ల అంగరఖా ఆయనా ఒకే గ్లాసుతో తాగడం నా కళ్లతో చూశాను. సింగపూరులో దాహమైతే ముందు పర్సు తీస్తాం. ఎడారిలో నీళ్లు ఊరికే దొరుకుతాయని ఎవరైనా ముందు చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

ఇంకొకటి, ఆడవాళ్లకు దారి. బస్సులో ముందు సీట్లు మావి. పోస్టాఫీసులో నేను క్రమశిక్షణగా క్యూ చివర నిలబడితే, ముందున్న మగవాళ్లందరూ వెనక్కి తిరిగి చూసి, నన్ను కిటికీ దగ్గరికి పొమ్మని సైగ చేశారు. సింగపూరులో క్యూ తప్పడం అంటే నేరం కింద లెక్క. ఇరవైమందిని దాటుకుని ముందుకెళ్లడానికి నాకు కాళ్లు రాలేదు. వెనకాల మురళి మాత్రం, "వెళ్లవే, మనకొచ్చిన అవకాశం" అని తోశారు.

తుడిచేసిన టేబులు

బుధవారం మధ్యాహ్నం ఆ తప్పు చేశాను. ఇది సింగపూరులో బతికినవాళ్లు తప్ప ఇంకెవరూ చేయరు.

తెలియనివాళ్లకు చెప్పాలి. మా హాకర్ సెంటర్లలో భోజనం వేళ టేబులు దొరకడం కష్టం. అందుకని ముందు టేబులు చూసుకుని, దాని మీద ఒక టిష్యూ ప్యాకెట్టు పడేసి తిండి తెచ్చుకోవడానికి వెళ్తాం. దాన్ని చోప్ చేయడం అంటారు. టిష్యూ లేకపోతే గొడుగు, అదీ లేకపోతే ఆఫీసు కార్డు. ప్రధానమంత్రి వచ్చినా ఆ టేబులు ముట్టుకోడని మా నమ్మకం. పదేళ్లుగా చేస్తున్న పని, చెయ్యి దానంతట అదే చేస్తుంది.

దేరాలో మా సందు చివరి మలయాళీ హోటలు కిటకిటలాడుతోంది. ఖాళీ అయిన టేబులు ఒకటి కనబడగానే బ్యాగులోంచి టిష్యూ ప్యాకెట్టు తీసి పెట్టాను. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది, ప్యాకెట్టు ఎగిరిపోతోంది. బరువుకని ఫోన్ల పుస్తకం తీసి దాని మీద పెట్టాను. ముగ్గురం లోపలికి వెళ్లి చేపల పులుసు, పరోటాలు, ఏమున్నాయో చూసుకుని, చేతులు కడుక్కుని వచ్చాం. టేబులు ముందు నలుగురు కూర్చుని భోంచేస్తున్నారు. తడిగుడ్డతో తుడిచిన మెరుపు. టిష్యూ లేదు, పుస్తకం లేదు.

"అమ్మా, దే టుక్ అవర్ టేబుల్. బట్ వుయ్ ఆల్రెడీ చోప్ వాట్" అంది శ్రావ్య, లోకంలో న్యాయం చచ్చిపోయినట్టు.

వడ్డించే ఆయన పేరు మొయిదీన్. నలభై ఏళ్లుంటాయి, మలప్పురం మనిషి. సింగపూరులో నేను నేర్చుకున్న తమిళంలో అడిగితే ఆయన మలయాళంలో చెప్పాడు, ఇద్దరికీ అర్థమైంది. టేబులు మీద కాగితాలు మిగిలి ఉన్నాయంటే తిని వెళ్లిపోయినట్టే కదా చేచీ, అన్నాడు. చేచీ అంటే వాళ్ల భాషలో అక్క. ఎంగిలాకులతో పాటు తీసి డ్రమ్ములో వేశాడట. పరుగెత్తుకుని వెనక సందులోకి వెళ్లాం. చెత్త లారీ అప్పుడే వచ్చి పోయింది. డ్రమ్ము ఖాళీగా ఉంది, కడిగి కూడా పెట్టారు.

ఆ నెంబరు ఇంకెక్కడా రాసుకోలేదు. మొదటి మూడు అంకెలు గుర్తున్నాయి, అవి ఆ పేటలో అందరికీ ఒకటే. ఇంటి యజమాని పేరు తెలియదు, వీధి తెలియదు. జుమేరా అంటే మైళ్ల కొద్దీ సముద్రం ఒడ్డు. "ఒక్క టేబులు కోసం ఎంత పని చేశావే" అన్నారు మురళి. కోపంగా అనలేదు, అయినా నాకు ఏడుపొచ్చింది. చేపల పులుసు ఎలా ఉందో మీకు చెప్పలేను, ఏమీ రుచి తెలియలేదు.

ఫోన్ కార్డు కొని మా అమ్మకు చేశాను. గంట తర్వాత మళ్లీ చెయ్యమంది. ఈలోగా ఖైరూన్ వాళ్లింటికి వెళ్లి వచ్చింది.

"అడిగొచ్చినా మే. వాళ్లకాడ నెంబరు లేదంట. ఆ పిల్లే ఫోన్ చేచ్చాదంట గానీ వీళ్లు చేయరంట, మేడం కోప్పడుతుందని. చేసి గూడా పది దినాలయిందంట."

రాత్రి భోజనానికి మళ్లీ అదే హోటలుకు వెళ్లాం, వేరేచోట మొయిదీన్ లేడు గనక. చేయని తప్పుకు ఆయనే సిగ్గుపడుతున్నాడు. మూడుసార్లు టేబులు తుడిచి, డబ్బులు వద్దన్నాడు. మేం బలవంతంగా ఇచ్చాం. చివరికి ఆయనే నిలబడి, "చేచీ, ఆమెకు శుక్రవారం సాయంత్రం సెలవన్నారు కదా. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు శుక్రవారం ఎక్కువమంది క్రీక్ గట్టు దగ్గరికే వస్తారు. ఆమె మీకు ఎప్పుడైనా ఏ చోటయినా చెప్పిందా? గుర్తు చేసుకోండి" అన్నాడు.

క్రీక్ అంటే సముద్రం ఊరి మధ్యకు చొచ్చుకొచ్చిన పాయ. ఇటు దేరా, అటు బర్ దుబాయి. ఆ మాట వినగానే ఫోన్లో ఖైరూన్ నవ్వుతూ చెప్పింది గుర్తొచ్చింది. "పడవలు దాటే కాడ కూచ్చోని చెనిక్కాయలు తింటాంలే, మాకింకేం పని." ఆ రోజు అది కబురుగా విన్నాను గానీ చిరునామాగా వినలేదు.

"పడవలు రెండు గట్ల దగ్గరా ఆగుతాయి చేచీ" అన్నాడు మొయిదీన్ మెల్లగా. అయినా ఆ రాత్రి నాకు కాస్త నిద్ర పట్టింది.

ఎర్ర ఇసుక

గురువారం ఎడారి. ఇసుక చూపించి, ఒంటె ఎక్కించి, డాన్సు చూపించి, మాంసం కాల్చి పెట్టే టూర్లు ఉన్నాయి. మనిషికి రెండువందల దిర్హాల దాకా అడిగారు. మురళి ఆ కాగితాన్ని మర్యాదగా మడిచి తిరిగి ఇచ్చేశారు. దానికి బదులు కొండల వైపు హట్టా అనే ఊరికి పోయే మామూలు బస్సుంది, మనిషికి పది దిర్హాల లోపే. దారిలో రోడ్డు పక్కన ఎర్ర ఇసుక దిబ్బలు కొండల ఎత్తున ఉంటాయి. ఉదయమే వెళ్లాం.

నేను సినిమాల్లో చూసిన ఇసుక పసుపుది. ఇది అచ్చం మా సీమ నేల రంగు. రోట్లో మిరపకారం నూరి పెట్టినంత మెత్తన. గాలి వేసిన గీతలు తప్ప ఒక్క పాదం గుర్తు లేదు. సింగపూరులో ఎటు చూసినా చెట్టూ, మేడా, మనిషీ. ఇక్కడ కంటికి ఏదీ అడ్డం రాదు. నేను అంత దూరం చూసి ఎన్నేళ్లయిందో. శ్రావ్య చెప్పులు విప్పి పరుగెత్తబోయి, కాళ్లు కాలి, "హాట్ హాట్ హాట్" అని నా మీదికెక్కింది. తర్వాత చెప్పులతోనే దిబ్బ మీంచి పదిసార్లు జారింది. వాళ్ల నాన్న పదకొండోసారి తోడెళ్లి ప్యాంటు చింపుకున్నారు.

తిరుగు బస్సు దాటిపోయింది. టైము మేమే తప్పు చూసుకున్నాం. రోడ్డు మీద అరగంట మాడిపోయాక ఒక పఠాన్ డ్రైవరు టాక్సీ ఆపాడు. ఊళ్లోకి ఖాళీగానే పోతున్నాను, బస్సుకు ఇచ్చేదే ఇవ్వండి అన్నాడు. నాకొచ్చిన ఉర్దూ ఖైరూన్ వాళ్లింట్లో నేర్చిందే. "నక్కో భాయి, ఇంకా కొంచెం ఎక్కువే ఇస్తాం" అన్నాను. ఆయన బండి నడుపుతూనే గట్టిగా నవ్వాడు.

"బీబీ, ఉర్దూ లాగే ఉంది గానీ ఇలాంటిది పెషావరులో ఎప్పుడూ వినలేదు. ఎవరు నేర్పారు?"

ఖైరూన్ సంగతి చెప్పాను. టేబులు సంగతీ చెప్పాను. నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. పదిహేడేళ్లుగా ఇక్కడ ఉన్నాడట. "ఇక్కడ అందరం ఎవరి కోసమో వెతుక్కునేవాళ్లమే బీబీ. శుక్రవారం సెలవు దొరికితే మనుషులూ దొరుకుతారు" అన్నాడు. దిగేటప్పుడు మేమిచ్చింది లెక్క చూడకుండా జేబులో వేసుకున్నాడు. శ్రావ్యకు డాష్‌బోర్డు మీద ఉన్న ఖర్జూరాల సంచి మొత్తం ఇచ్చేశాడు.

శుక్రవారం

శుక్రవారం ఉదయం ఊరు పడుకుని ఉంటుంది. దుకాణాలన్నీ మూత. పది గంటలకు ఎక్కడో జుమేరాలో ఒక వంటింట్లో ఖైరూన్ ఫోన్ పక్కన నిలబడి ఉంటుందని నాకు తెలుసు. నేను హోటలు మంచం మీద కూర్చుని గడియారం చూస్తున్నాను. పదింపావు అయింది, పదిన్నర అయింది. ఆ అరగంట నేను మర్చిపోలేను. రాలేదు, మళ్లీ రాలేదు అనుకుంటుందేమో అనిపించింది. పెళ్లికి రానిది, ఫోనుకూ రాలేదని.

నాలుగయ్యేసరికి ఊరు లేచింది, ఊరేమిటి, ఊళ్లే లేచాయి. కొత్త బట్టలు, తల నూనె, సెంటు వాసన, వేలకు వేల మంది మగవాళ్లు వీధుల్లోకి దిగారు. ఒక్కో సందులో ఒక్కో జిల్లా. తెలుగు కూడా చెవిన పడింది, కరీంనగర్ వైపుది. చేతులు పట్టుకుని నడుస్తున్నారు, తెల్ల కాగితాల మీద ఇంటి ఉత్తరాలు ఒకరు చదువుతుంటే నలుగురు వింటున్నారు. ఆరు రోజులు ఎండలో ఈ ఊరిని కడుతున్న మనుషులు వీళ్లే. మా ఆఫీసులో అందరం ఏదో లోకాన్ని నడిపిస్తున్నామనుకుంటాం. వాళ్లను చూశాక ఆ గర్వం కొంచెం తగ్గింది.

ఏ గట్టు? మురళి బుర్ర లెక్కలు వేసింది. జుమేరా బర్ దుబాయి వైపు. అక్కడ పనిచేసేవాళ్లు ఆ గట్టుకే రావాలి. లెక్క బాగానే ఉంది. హోటలు ముందే బస్సెక్కి, వంతెన మీదుగా క్రీక్ దాటి అక్కడికి వెళ్లి, గట్టు పొడవునా చూశాం. ఆడవాళ్లు గుంపులు గుంపులుగా ఉన్నారు. శ్రీలంక వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు. నల్ల బురఖా కనిపిస్తే చాలు ముందుకెళ్లి ముఖంలోకి చూడటం, సారీ చెప్పడం. ఒకావిడ భయపడి పిల్లను దగ్గరికి లాక్కుంది. పదిహేనేళ్లలో మనిషి ఎంత మారిందో, చూసినా గుర్తు పడతానో లేదో అన్న అనుమానం అప్పుడే నన్ను పట్టుకుంది. ఐదు దాటింది.

"అమ్మా, ఐ కాంట్ వాక్ ఆల్రెడీ" అని శ్రావ్య కూలబడింది.

"అటు కూడా చూద్దాం. లేకపోతే రాత్రంతా నువ్వు నన్ను తింటావు" అన్నారు మురళి, పిల్లను ఎత్తుకుంటూ. తొమ్మిదేళ్ల పిల్ల, ఆ ఎండలో. నేను ఆయన మీద పట్టిన తప్పులన్నీ ఆ ఒక్క పనికి మాఫీ చేశాను.

అటు ఒడ్డు

అబ్రా అంటే చెక్క పడవ. మధ్యలో అరుగులాంటి బల్ల, చుట్టూ కూర్చోవాలి, కమ్మీ గిమ్మీ ఏమీ లేదు. మనిషికి అర దిర్హం. దుబాయిలో నేను పెట్టిన డబ్బుల్లో దానికి సాటి వచ్చేది లేదు. ఒక పక్క గాలిని లోపలికి లాగే గోపురాలున్న పాత ఇళ్లు, ఇంకో పక్క అద్దాల మేడలు, మధ్యలో సరుకులెత్తుకుని ఇరాన్ పోయే పెద్ద చెక్క ఓడలు, నీళ్ల మీద ఎగిరే తెల్ల పిట్టలు. ఎండ దిగి నీళ్లు రాగి రంగులోకి తిరిగాయి. ఇంకే రోజయినా నోరెళ్లబెట్టి చూసేదాన్ని. ఆ రోజు ఎదురు గట్టు మీద ముఖాలే వెతుకుతున్నాను.

దేరా గట్టున మెట్లెక్కగానే ఎడమ పక్క వరసగా సిమెంటు బల్లలు. అన్నీ నిండిపోయి ఉన్నాయి. కొందరు నేల మీద కూడా కూర్చున్నారు. మూడో బల్ల మీద మాత్రం ఒక పొడుగాటి మనిషి, పక్కన ఒక చోటు ఖాళీ. ఖాళీ కాదు. దాని మీద నీలం గళ్ల కర్చీఫ్ పరిచి ఉంది.

అప్పుడే ఒక లావుపాటి ఆయన వచ్చి ఆ చోటు చూపించి ఏదో అడిగాడు. ఆ మనిషి తల కూడా ఎత్తకుండా, చేతిలో కాయ ఒలుచుకుంటూ, ఉర్దూలో కాదు, తెలుగులో చెప్పింది.

"మనిషొచ్చాది."

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. తనే తల ఎత్తి చూసింది. ఒక నిమిషం చూసి, కర్చీఫ్ తీసి దులిపి, "కూచ్చో" అంది.

కూర్చున్నాను. అప్పుడు ఏడ్చాను. తను ఏడవలేదు. నా చేతిలో గుప్పెడు చెనిక్కాయలు పోసింది.

"నువ్వు యాడికైనా ఆలస్యమే గదా. బడికీ అంతే, ఈడికీ అంతే."

"నెంబరు పోగొట్టుకున్నా మే."

"అది తెలిసిందిలే. పదిన్నర దాకా ఫోన్ కాడే ఉన్నా. రాలేదంటే పోగొట్టుకోనుంటాదనుకున్నా. నేను నీకు చెప్పింది పడవల మాట ఒక్కటే. ఇంగ యాడికొచ్చావు? ఈడికే రావాల. మేడం డ్రైవరు ప్రతి శుక్రవారం చేపల మార్కెట్టుకు ఈ పక్కకే వచ్చాడు, మేమందరం ఈడే దిగేది. నాలుగింటికే వచ్చి కర్చీఫ్ ఏసినా. ఏడెనిమిదిమంది అడిగినారు."

నేను రాకపోవచ్చని తనకు ఒక్కసారి కూడా అనిపించలేదు. నేనే ఉదయమంతా ఏమేమో ఊహించుకున్నాను. టేబులు సంగతి చెబితే, ఆ మనిషి పొడుగంతా ఊగేలా నవ్వింది. "కాగితం పెడితే ఎవరాపుతారు మే? మనిషి కూచ్చోవాల పక్కన" అంది. శ్రావ్య తనను ఎగాదిగా చూసి, "ఆంటీ చోప్‌డ్ ఫర్ యూ ఆ?" అని నన్నడిగింది. అవునన్నాను. మురళి నమస్కారం పెట్టి, పిల్లను తీసుకుని ఐస్‌క్రీం పేరుతో దూరంగా వెళ్లిపోయారు.

మాకు మిగిలింది అరగంట. తన చేతుల మీద నూనె చిట్లిన మచ్చలున్నాయి. ఇద్దరు పిల్లలు రాయచోటిలో వాళ్లమ్మ దగ్గర చదువుతున్నారు, పెద్దది ఎనిమిదో తరగతి. మేడం కోపిష్టిది గానీ పండక్కి బట్టలు పెడుతుందట. సింగపూరు నుంచి నేను తెచ్చిన తలనొప్పి తైలం సీసాలు నాలుగు తీసి ఇస్తే, ఒకటి అక్కడే తెరిచి వాసన చూసింది. నేను చెప్పాలనుకున్న మాట ఆరు కావొస్తుంటే గానీ నోటికి రాలేదు.

"నీ పెండ్లికి రాలేకపోతి ఖైరూన్. ఆ పొద్దు ఎంట్రన్సు ఉన్నింది."

"తెలుసు. మీయమ్మ చెప్పింది." కాయ ఒలిచి గింజలు నా చేతిలో పెట్టింది. "పాసయినావా ల్యా?"

"పాసయినా."

"మల్ల ఇంకేం" అంది.

పదిహేనేళ్లు నేను మోసిన ముల్లు అంత తేలిగ్గా తీసి అవతల పారేసింది. ఆరుకు తెల్ల బండి వచ్చి హారను కొట్టింది. లేచి బురఖా దులుపుకుని, ఈసారి ఇంటి నెంబరు నా అరచేతి మీద పెన్నుతో రాసింది. వెనక్కి తిరగకుండా బండెక్కింది. లోపల వెనక సీట్లో ఇంకా ఇద్దరు ఆడవాళ్లు, ముందు చేపల బుట్ట.

మర్నాడు తెల్లవారకముందే మా విమానం. గదికి పోయి సర్దుకోవాలి. మురళి దూరం నుంచి చెయ్యి ఊపుతున్నారు. నేను లేవలేదు. తను కూర్చున్న చోట నీలం గళ్ల కర్చీఫ్ మర్చిపోయి వెళ్లిందో, వదిలి వెళ్లిందో, అలాగే ఉంది. దాన్ని సరిచేసి పరిచాను.

గట్టున జనం ఇంకా పెరుగుతున్నారు. ఒక ముసలాయన వచ్చి, అలిసిపోయిన మొహంతో, ఇక్కడ కూర్చోవచ్చా అని సైగ చేశాడు. ఆయన ఏ దేశమో, ఏ భాషో నాకు తెలియదు. పక్కకు జరిగి నా చోటు ఆయనకిచ్చి లేచి నిలబడ్డాను. ఆయన కర్చీఫ్ ఉన్న వైపు వేలు చూపించాడు, మీరు ఇక్కడ కూర్చోండి అన్నట్టు.

"మనిషొచ్చాది" అన్నాను.